మూడో వంశం

జీవుల వంశవృక్షం: 11వ భాగం

గత సంచికలో జుకర్‌కాండల్, పాలింగ్‌ల దగ్గర ఆగాం. జీవుల చరిత్ర రాళ్లలో దొరికే శిలాజాల్లోనే కాదు, కణంలోపలి పెద్ద అణువుల్లో కూడా రాసి ఉంటుందని 1965లో వాళ్లిద్దరూ వాదించారు. ఆ మాట నిజమని నమ్మి, ఏళ్ల తరబడి ఒకే అణువును చదువుతూ కూర్చున్న మనిషి కథ ఈ వారం. అతని దగ్గరకు వెళ్లేముందు ఉప్పుచేప సంగతి ఒకటి చెప్పాలి.

ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేప చెడదని తీరాల్లో అందరి నమ్మకం. అంత ఉప్పులో ఏ పురుగూ, ఏ బూజూ బతకవు కనుకే చేపను ఉప్పులో వేస్తారు. కానీ ఉత్తర అట్లాంటిక్‌లో కాడ్ చేపల వ్యాపారులను ఒక బెడద వదిలేది కాదు. గాలిలో చెమ్మ పెరిగితే ఉప్పుచేపల మీద ఎర్రటి జిగురు పొర కమ్ముకునేది. సరుకు నాశనమయ్యేది. ఆ ఎరుపు ఉప్పుతోపాటే వచ్చేదని తర్వాత తేలింది. సముద్రపు నీటిని ఎండగట్టే మడుల్లో నీరు బాగా చిక్కబడి, ఉప్పు గడ్డకట్టే దశకు వచ్చేసరికి ఎర్రబారుతుంది. నౌపడా, చిన్నగంజాం లాంటి చోట్ల ఉప్పు మడులు చేసేవాళ్లకు ఈ రంగు కొత్త కాదు. ఆ ఎరుపంతా ఒక సూక్ష్మజీవి ఒంటి రంగు. దానికి హాలోబాక్టీరియమ్ అని పేరు పెట్టారు. మామూలు నీళ్లలో వేస్తే పగిలి చచ్చిపోతుంది. చిక్కటి ఉప్పునీళ్లలోనే హాయిగా ఉంటుంది.

కెనడాలో చేపల పరిశ్రమ పెద్దది కాబట్టి ఒట్టావాలోని జాతీయ పరిశోధన మండలి ఈ జీవి మీద శ్రద్ధ పెట్టింది. అక్కడ మోరిస్ కేట్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు, సహచరులతో కలిసి 1960ల మొదట్లో దాని కణత్వచంలోని కొవ్వును పరీక్షించాడు. అక్కడే మొదటి వింత కనిపించింది.

దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ భాగమంతా దీని మీదే నిలబడుతుంది. ప్రతి కణాన్నీ చుట్టి పలుచని కొవ్వు పొర ఒకటి ఉంటుంది. లోపలిదాన్ని లోపల, బయటిదాన్ని బయట ఉంచేది అదే. ఆ కొవ్వు అణువుకు గ్లిజరాల్ అనే మూడు కర్బన పరమాణువుల ముక్క ఆధారం. దాని ఒక చివర ఫాస్ఫేట్, మిగతా రెండు చోట్ల రెండు పొడవాటి కొవ్వు ఆమ్లాల తోకలు. తోకను గ్లిజరాల్‌కు పట్టి ఉంచే బంధాన్ని ఎస్టర్ బంధం అంటారు. మన కాలేయంలోని కణమైనా, అరటి ఆకులోని కణమైనా, పేగుల్లో ఉండే ఈ. కోలై బాక్టీరియా అయినా ఇదే పద్ధతి. ఎస్టర్ బంధానికి ఒక గుణం ఉంది. క్షారంతో కలిపి కాస్తే తెగిపోతుంది, కొవ్వు సబ్బుగా మారుతుంది. సబ్బు తయారీ అంతా ఈ సూత్రమే.

హాలోబాక్టీరియమ్ కొవ్వు సబ్బుగా మారలేదు. ఎంత కాచినా తోకలు ఊడలేదు. చూస్తే అక్కడ ఉన్నది ఎస్టర్ బంధం కాదు, ఈథర్ బంధం. తోకలు కూడా కొవ్వు ఆమ్లాలు కావు. ప్రతి నాలుగో కర్బనం దగ్గరా చిన్న కొమ్మ పొడుచుకొచ్చిన ఐసోప్రీన్ గొలుసులు అవి. రబ్బరు చెట్టు పాలలో ఉండే గొలుసుకు దాయాదులు. అన్నిటికంటే ఆశ్చర్యం గ్లిజరాల్‌లోనే ఉంది. మిగతా జీవుల్లో ఫాస్ఫేట్ ఒక పక్కన అతుక్కుంటే, ఇందులో రెండో పక్కన అతుక్కుంది. కుడిచేతికి ఎడమచేయి ఎలాగో ఆ అణువుకు ఈ అణువు అలాగ: అద్దంలో ఒకటే, ఒకదానిమీద ఒకటి పెడితే కుదరవు. ఒక రూపాన్ని తయారు చేసే ఎంజైము రెండోదాన్ని తయారు చేయలేదు. అంటే ఎక్కడో చాలా లోతున, కొవ్వు తయారీ మొదటి మెట్టులోనే దారి వేరైంది.

ఇంత పెద్ద తేడాను అప్పటి శాస్త్రజ్ఞులు ఎలా అర్థం చేసుకున్నారు? ఉప్పులో బతకాలి కదా, అందుకోసం బాక్టీరియా చేసుకున్న సర్దుబాటు అనుకున్నారు. వివరణ సబబుగానే వినిపించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

రెండో వింత వేడి నీళ్లలో దొరికింది. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో టామస్ బ్రాక్ ఏళ్లపాటు తిరిగాడు. 80 డిగ్రీల దగ్గర కాగుతూ, గంధకామ్లంతో నిండిన బుగ్గల్లో పెరిగే జీవిని పట్టి 1972లో సల్ఫోలోబస్ అని పేరు పెట్టాడు. దానికి రెండేళ్ల ముందు ఇండియానాలో దానంతటదే రాజుకుని వెచ్చగా ఉన్న బొగ్గు చెత్త గుట్టలో, కణకవచమే లేని థర్మోప్లాస్మా అనే జీవిని ఆయన బృందమే వర్ణించింది. ఈ రెండింటి కొవ్వునూ టామస్ లాంగ్‌వర్దీ పరీక్షిస్తే మళ్లీ అవే ఈథర్ బంధాలు, అవే ఐసోప్రీన్ గొలుసులు. పైగా కొన్నిచోట్ల పొరకు ఈ వైపు ఉన్న తోక, ఆ వైపు ఉన్న తోక కలిసిపోయి ఒకే పొడుగాటి అణువయ్యాయి. మామూలుగా రెండు వరుసల అణువులు ఉండాల్సిన చోట ఒకటే వరుస. వేడికీ ఆమ్లానికీ తట్టుకోవడానికి ఇదొక సర్దుబాటు అన్నారు. ఉప్పు వేరు, వేడి వేరు, ఆమ్లం వేరు. మూడు వేర్వేరు బాధలకు ఒకటే మందు ఎలా కుదిరిందని ఎవరూ గట్టిగా అడగలేదు. సాక్ష్యం పదేళ్లుగా అచ్చులో ఉంది. విడివిడిగా చూసినందువల్ల ప్రతిదీ మినహాయింపుగానే కనిపించింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే ఆలోచించాల్సిన ఘట్టం ఇదే.

అలా చూడటానికి కారణం కూడా ఉంది. అప్పటికి జీవులన్నిటినీ రెండుగా విభజించి చూసేవాళ్లు. కేంద్రకం ఉన్నవి ఒకవైపు: మనం, మొక్కలు, బూజులు, అమీబా. కేంద్రకం లేనివి ఇంకోవైపు: బాక్టీరియా. 1962లో స్టేనియర్, వాన్ నీల్ అనే ఇద్దరు దిగ్గజాలు ఈ విభజనకు గట్టి రూపం ఇచ్చారు. కేంద్రకం లేకపోవడమే బాక్టీరియా గుర్తు. ఇంకేం, హాలోబాక్టీరియమ్‌కు కేంద్రకం లేదు, కనుక అది బాక్టీరియా. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న కడ్డీ, లేదా చిన్న గుండు. ఇంతకుమించి చూడటానికి ఏముంది?

కార్ల్ వోస్‌కు ఈ సమాధానం సరిపోలేదు. 1928లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టాడు. మొదట చదివింది గణితం, భౌతికశాస్త్రం. యేల్‌లో బయోఫిజిక్స్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు. జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో కొంతకాలం పనిచేసి, 1964లో అర్బానాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయానికి వచ్చి చివరిదాకా అక్కడే ఉన్నాడు. జన్యు సంకేతం ఎలా పుట్టిందన్నది ఆయన అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ముందు ఏ జీవి ఎవరికి చుట్టమో తెలియాలి. బాక్టీరియాకు శిలాజాలు చాలా తక్కువ, దొరికినా ఆకారం ఏమీ చెప్పదు. కాబట్టి అణువును చదవాలి. ఏ అణువును?

ఆయన ఎంచుకున్నది రైబోసోమ్‌లో ఉండే 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ. కణంలో ప్రొటీన్లు తయారయ్యే చోటు రైబోసోమ్. అది లేని కణం లేదు, ప్రతి కణంలో వేలల్లో ఉంటాయి కనుక పదార్థానికి కరువూ లేదు. పని చాలా ముఖ్యమైనది కావడం వల్ల ఆ అణువు చాలా నిదానంగా మారుతుంది. పొడవు ఈ. కోలైలో 1542 అక్షరాలు. చుట్టరికం తేల్చడానికి ఇంతకన్నా మంచి అణువు దొరకదని వోస్ పట్టుబట్టాడు. ఆ ఎంపికలోనే సగం విజయం ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇవాళ్టి యంత్రాలకు 1500 అక్షరాలు చదవడం లెక్కలోకి రాని పని. 1970ల మొదట్లో పరిస్థితి వేరు. ఫ్రెడ్ సాంగర్ రూపొందించిన పద్ధతి ఒక్కటే దిక్కు. బాక్టీరియాను రేడియోధార్మిక ఫాస్ఫరస్ కలిపిన ద్రవంలో పెంచాలి. అందులోంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలి. టీ1 అనే ఎంజైముతో కోయాలి. అది గ్వానిన్ అక్షరం వచ్చిన ప్రతిచోటా కోస్తుంది. దాంతో పెద్ద అణువు చిన్నచిన్న ముక్కలవుతుంది, ప్రతి ముక్క చివరా గ్వానిన్ ఉంటుంది. ఆ ముక్కల్ని ఒక పట్టీ మీద పోసి వేల వోల్టుల విద్యుత్తుతో ఒక దిశలో పరిగెత్తించాలి, తర్వాత పెద్ద కాగితం మీదికి మార్చి అడ్డదిశలో పరిగెత్తించాలి. ఆ కాగితం మీద ఎక్స్-రే ఫిల్ము పెట్టి చీకట్లో ఉంచితే, రేడియోధార్మికత ఉన్న ప్రతి ముక్కా ఫిల్ము మీద ఒక నల్లటి మచ్చ వేస్తుంది. మచ్చ ఎక్కడ పడిందన్న దాన్నిబట్టి అందులో ఏ అక్షరాలున్నాయో కొంత తెలుస్తుంది. పెద్ద ముక్కలైతే ఆ మచ్చ ఉన్నచోట కాగితాన్ని కత్తిరించి, వేరే ఎంజైములతో మళ్లీ కోసి, మళ్లీ పరిగెత్తించాలి. రేడియోధార్మిక ద్రవాలతో, మంటంటుకునే చల్లబరిచే నూనెలతో చేసే పని. మిచెల్ సోగిన్ లాంటి విద్యార్థులు, ప్రయోగశాలలో లిండా మాగ్రమ్ ఈ భారమంతా మోశారు.

ఫిల్ము చదవడం మాత్రం వోస్ పని. గోడకు వెలుతురు బల్లలు బిగించుకుని, వాటి మీద ఫిల్ములు తగిలించి, రోజంతా ఒక్కో మచ్చా చూస్తూ నిలబడేవాడు. ఆరు అక్షరాలు, అంతకుమించి పొడవున్న ముక్కలన్నిటికీ జాబితా రాసేవాడు. ఒక జీవి పూర్తి కావడానికి నెలలు పట్టేవి. రెండు జీవుల జాబితాల్లో ఎన్ని ముక్కలు ఒకటేనో లెక్కగడితే వాటి మధ్య చుట్టరికానికి ఒక సంఖ్య వస్తుంది. అంతా ఒకటే అయితే 1, ఏమీ కలవకపోతే 0. సహచరులు చాలామందికి ఇది విసుగు పుట్టించే చాకిరీగా కనిపించింది. వోస్ మాత్రం వదల్లేదు. క్రమంగా బాక్టీరియా జాబితాలన్నీ కళ్లకు అలవాటైపోయాయి. ఏ బాక్టీరియాను తీసుకున్నా తప్పకుండా కనిపించే ముక్కలు కొన్ని ఉన్నాయని గుర్తుపట్టాడు.

ఇక మూడో వింత. మీథేన్ చేసే జీవులు. 1776లో ఇటలీలోని మజ్జోరె సరస్సు ఒడ్డున అలెస్సాండ్రో వోల్టా బురదను కెలికి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి వెలిగించి చూశాడు. చిత్తడి నేలల్లో, పశువుల పొట్టలో, మురుగు తొట్లలో, నీళ్లు నిలిచిన వరి మడుల్లో ఆ గ్యాస్ తయారవుతుంది. గోదావరి డెల్టా వరి చేలల్లోంచి పైకి వచ్చే మీథేన్ అయినా, ఊళ్లో గోబర్ గ్యాస్ పొయ్యిలో మండేదైనా వీటి చలవే. హైడ్రోజన్‌ను, బొగ్గుపులుసు వాయువును కలిపి మీథేన్‌గా మార్చి, అందులోంచి వచ్చే శక్తితో బతుకుతాయి. ప్రాణవాయువు తగిలితే పని ఆగిపోతుంది. అందువల్లే వీటిని ప్రయోగశాలలో పెంచడం మహా కష్టం.

ఆ కష్టాన్ని దాటిన మనుషులు అదృష్టవశాత్తు అదే అర్బానాలో ఉన్నారు. రాల్ఫ్ వుల్ఫ్ మీథేన్ జీవుల రసాయనంలో ఆరితేరినవాడు. ఆయన దగ్గర పనిచేసే విలియం బాల్చ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. గాలి చొరని గాజుగొట్టాల్లో హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువు ఒత్తిడితో నింపి, మందపాటి రబ్బరు బిరడా బిగించి, కావలసినవన్నీ సిరంజితో లోపలికి ఎక్కించడం. మూత తీయాల్సిన అవసరమే లేదు. రేడియోధార్మిక ఫాస్ఫరస్ కూడా సిరంజితోనే ఎక్కించవచ్చు, బయటకు పొక్కదు. ఈ గొట్టం లేకపోతే వోస్ చేతికి ఆ ఫిల్ము వచ్చేదే కాదు. చరిత్ర పుస్తకాల్లో బాల్చ్ పేరు ఒక మూల ఉంటుంది. అది న్యాయం కాదనిపిస్తుంది నాకు.

1976 వేసవిలో మొదటి మీథేన్ జీవి ఫిల్ము వోస్ బల్ల మీదికి వచ్చింది. అర్బానా మురుగుశుద్ధి తొట్టి నుంచి వుల్ఫ్ బృందం వేరుచేసిన జీవి అది. వోస్ చదవడం మొదలుపెట్టాడు. బాక్టీరియాలో తప్పకుండా ఉండాల్సిన ముక్కలు లేవు. పొరపాటున వేరే నమూనా కలిసిందేమోనని మళ్లీ చేయించాడు. మళ్లీ అదే. కేంద్రకమున్న జీవుల జాబితాతో పోల్చాడు. అందులోనూ ఇమడలేదు. పక్క గదిలో ఉన్న జార్జ్ ఫాక్స్ దగ్గరకు వెళ్లి, ఇవి బాక్టీరియానే కావని చెప్పాడు. ఫాక్స్ కెమికల్ ఇంజనీరింగ్ చదివి ఈ రంగానికి వచ్చినవాడు. చుట్టరికపు లెక్కల పట్టికలు ఆయనవే. ముందు నమ్మలేదు. లెక్కలు చూశాక నమ్మాడు.

ఆ తర్వాత మరికొన్ని మీథేన్ జీవులను చదివారు. 1977 నవంబరులో వోస్, ఫాక్స్ ప్రచురించిన చిన్న వ్యాసంలో 13 నమూనాల పట్టిక ఉంది. ఈస్టు, డక్‌వీడ్ మొక్క, ఎలుక కణాలు ఒక గుంపు. ఈ. కోలై, డిఫ్తీరియా క్రిమి, నీలి ఆకుపచ్చ శైవలం లాంటివి, అదే డక్‌వీడ్ ఆకులోని పత్రహరిత రేణువుతో సహా, ఇంకో గుంపు. నాలుగు మీథేన్ జీవులు మూడో గుంపు. ఒకే గుంపులోని రెండు జీవుల మధ్య సంఖ్య 0.2 పైనే ఉంది. గుంపు దాటితే 0.1 దగ్గరకో అంతకన్నా కిందికో పడిపోయింది. ఇక్కడ కళ్లు నిలపాలి. మీథేన్ జీవికీ ఈ. కోలైకీ మధ్య ఉన్న దూరం, మీథేన్ జీవికీ ఈస్టుకూ మధ్య ఉన్న దూరం దాదాపు సమానం. సూక్ష్మదర్శినిలో ఈ. కోలై, మీథేన్ జీవి అన్నదమ్ముల్లా ఉంటాయి. అణువు మాత్రం వాటి మధ్య దగ్గరి చుట్టరికం లేదంటోంది. జీవం రెండు కొమ్మలు కాదు, మూడు. ఆ మూడో కొమ్మకు ఆర్కీబాక్టీరియా అని పేరు పెట్టారు.

అచ్చుకు ముందే పత్రికల వాళ్లకు చెప్పారు. 1977 నవంబరు 3న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వార్త వచ్చింది. శాస్త్రలోకం చిరాకు పడింది. సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులు చాలామంది వ్యాసం చదవకముందే వార్త చదివారు. నోబెల్ గ్రహీత సాల్వడార్ లూరియా, ఒకప్పుడు అర్బానాలోనే పనిచేసినవాడు, వుల్ఫ్‌కు ఫోన్ చేసి, ఈ గొడవ నుంచి పేరు తీసేసుకో, లేకపోతే నీ పరువు పోతుందని హెచ్చరించాడు. వుల్ఫ్ ఆ రోజుల్లో పడిన అవమానాన్ని చాలా ఏళ్ల తర్వాత స్వయంగా రాసుకున్నాడు. వోస్ సమావేశాలకు వెళ్లేవాడు కాదు, మాటకారి కాదు. ఆయన పద్ధతి వాడినవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. ఒక మనిషి ఫిల్ము మీద మచ్చలు చదివి జీవలోకాన్ని తిరగరాస్తానంటే నమ్మడానికి చాలామంది సిద్ధంగా లేరు. అందులో కొంత అహంకారం ఉంది, కానీ కొంత న్యాయం కూడా ఉందని ఒప్పుకోవాలి. ఒక్క అణువు సాక్ష్యం ఎంత గట్టిదైనా ఒక్క సాక్షే.

మిగతా సాక్షులు జర్మనీ నుంచి వచ్చారు. మ్యూనిక్‌లో ఓట్టో కాండ్లర్ కణకవచాల నిపుణుడు. బాక్టీరియా కవచంలో పెప్టిడోగ్లైకాన్ అనే వల ఉంటుంది. పెనిసిలిన్ ఆ వల అల్లికను అడ్డుకుని బాక్టీరియాను చంపుతుంది. మీథేన్ జీవుల కవచాల్లో ఆ వల లేదని కాండ్లర్ కనుక్కున్నాడు. కొన్నిటిలో దాన్ని పోలినట్టుండే వేరే పదార్థం ఉంది, కానీ దాన్ని పెనిసిలిన్ అడ్డుకోలేదు. కొన్నిటిలో చక్కెర గొలుసుల కవచం, మరికొన్నిటిలో ప్రొటీన్ పొర. ఉప్పు జీవికి పెప్టిడోగ్లైకాన్ లేదని అంతకుముందే తెలుసు, దాన్నీ మినహాయింపుగా కొట్టిపారేశారు. వోస్ చెప్పింది వినగానే కాండ్లర్‌కు ఈ మినహాయింపులన్నీ ఒకే గాటన చేరాయి. 1977 మొదట్లోనే ఆయన అర్బానా వచ్చి వెళ్లాడు.

1978లో వోస్ బృందం ఉప్పు జీవిని చదివింది. మూడో గుంపులోనే పడింది. థర్మోప్లాస్మా, సల్ఫోలోబస్ కూడా అక్కడికే వచ్చాయి. 1979లో మీథేన్ జీవుల కొవ్వును చూస్తే అక్కడా ఈథర్ బంధాలే. మురుగు తొట్టిలో ఉండే జీవికి ఉప్పు బాధ లేదు, ఆమ్లం బాధ లేదు, చాలావాటికి వేడి బాధా లేదు. సర్దుబాటు అన్న వివరణ ఆ రోజుతో కూలిపోయింది. ఆ కొవ్వు పూర్వీకుల నుంచి వచ్చిన వారసత్వం. పదిహేనేళ్ల క్రితం కేట్స్ చూసిన సబ్బు కాని కొవ్వు ఒక వంశం ఆనవాలు.

అసలైన మలుపు వుల్ఫ్రామ్ త్సిలిగ్ దగ్గర ఉంది. మ్యూనిక్ దగ్గరి మార్టిన్స్‌రీడ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఆయన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ మీద పనిచేసేవాడు. డీఎన్‌ఏలో ఉన్న సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే యంత్రం అది. బాక్టీరియాలో ఈ యంత్రం సాదాగా ఉంటుంది, నాలుగు రకాల ప్రొటీన్లతో నడిచిపోతుంది. మన కణాల్లో పన్నెండు, అంతకుమించి. త్సిలిగ్ ఆర్కీబాక్టీరియా యంత్రాన్ని విడదీసి చూస్తే అందులో పదికి పైగా భాగాలున్నాయి, అవి మన భాగాలను పోలి ఉన్నాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ బాక్టీరియా యంత్రాన్ని ఆపుతుంది, దీన్ని ఆపలేదు. డిఫ్తీరియా విషం సంగతి మరీ విచిత్రం. ఆ విషాన్ని తయారు చేసేది ఒక బాక్టీరియా. అది మన రైబోసోమ్‌కు తోడ్పడే ఒక ప్రొటీన్‌ను పట్టి నిలిపేస్తుంది. బాక్టీరియాలోని అదే రకం ప్రొటీన్ జోలికి పోదు. ఆర్కీబాక్టీరియా ప్రొటీన్‌ను మాత్రం, మనదాన్ని పట్టినట్టే, పడుతుంది.

అంటే ఈ జీవులు బాక్టీరియాలా కనిపిస్తాయి, కేంద్రకం లేదు, క్రోమోజోమ్ సాధారణంగా వలయంగా ఉంటుంది, జన్యువులు బాక్టీరియాలోలాగే గుంపులుగా కట్టి ఉంటాయి. కానీ ఆ జన్యువులను చదివే యంత్రం, డీఎన్‌ఏకు నకలు తీసే పనిముట్లు మన వైపువి. కొన్నిటిలో డీఎన్‌ఏను చుట్టిపెట్టే హిస్టోన్లు కూడా ఉన్నాయి. ఈదడానికి వాడే తోకను చూసి, అది బాక్టీరియా తోకే అనుకున్నారు చాలాకాలం. తర్వాత చూస్తే అది పూర్తిగా వేరే నిర్మాణం: బాక్టీరియా తోక చివరన పెరిగితే ఇది మొదట్లో పెరుగుతుంది. ఒకే అవసరానికి రెండు వంశాలు రెండు వేర్వేరు పరికరాలు చేసుకున్నాయి. రోగం తెచ్చే ఆర్కీబాక్టీరియా ఒక్కటి కూడా ఇప్పటిదాకా రూఢి కాలేదు, మన పేగుల్లో మీథేన్ చేసేవి స్థిర నివాసులుగా ఉన్నా.

మూడింట్లో ఎవరు ఎవరికి దగ్గర? 1989లో జపాన్‌లో ఇవాబే బృందం, అమెరికాలో గోగార్టెన్ బృందం విడివిడిగా ఒక ఉపాయంతో చెట్టు మొదలు ఎక్కడుందో వెతికాయి. అన్ని జీవుల పూర్వీకుడి కంటే ముందే రెండుగా చీలిన జన్యువుల జంటలను తీసుకుని, ఒకదాని చెట్టుకు ఇంకోదాన్ని మొదలుగా వాడుకున్నారు. మొదటి చీలిక బాక్టీరియాకూ మిగతా అందరికీ మధ్య పడింది. ఆర్కీబాక్టీరియా, మనం ఒకే పక్క. మరుసటి ఏడాది వోస్, కాండ్లర్, వీలిస్ కలిసి మూడు మహావర్గాలను ప్రతిపాదించారు: బాక్టీరియా, ఆర్కియా, యూకేరియా. ఆర్కీబాక్టీరియా పేరులోంచి బాక్టీరియాను తీసేశారు.

అందరూ ఒప్పుకోలేదు. పరిణామ శాస్త్రంలో పెద్దతలకాయ ఎర్నెస్ట్ మయర్ 1998లో, తన 94వ ఏట, గట్టిగా ఎదురు వ్యాసం రాశాడు. కేంద్రకం ఉన్నవాటిలోని అపారమైన వైవిధ్యం ముందు ఈ రెండు రకాల చిన్న జీవుల మధ్య తేడా ఏపాటిదన్నది ఆయన ప్రశ్న. పక్షులను చూస్తూ పెరిగిన శాస్త్రజ్ఞుడికి ఆ ప్రశ్న సహజమే. వోస్ జవాబు రాశాడు. కంటికి కనిపించే వైవిధ్యం జీవచరిత్రలో ఆలస్యంగా వచ్చిన చిన్న భాగమని, అసలు కథ అంతకుముందే సూక్ష్మజీవుల్లో నడిచిందని. నేను వోస్ పక్షమే. మన కళ్లు చూడగలిగిన దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే భూమి మీద మొదటి రెండు వందల కోట్ల ఏళ్లకు చరిత్రే ఉండదు.

వాదనను దాదాపు ముగించింది ఒక జన్యుపటం. తూర్పు పసిఫిక్‌లో 2600 మీటర్ల లోతున వేడి చిమ్మే బిలం దగ్గర దొరికిన మీథనోకోకస్ జన్నాషీ పూర్తి జన్యు వరుసను క్రెయిగ్ వెంటర్ సంస్థ 1996లో చదివింది. ఆ పనిలో వోస్ కూడా ఉన్నాడు. 1738 జన్యువులు. వాటిలో సగానికి పైగా అప్పటిదాకా ఎక్కడా చూడనివి. పోల్చగలిగిన వాటిలో శక్తి తయారీ జన్యువులు బాక్టీరియా వైపు మొగ్గితే, నకలు తీసేవీ చదివేవీ మన వైపు మొగ్గాయి. త్సిలిగ్ ఒక యంత్రంలో చూసిందే జన్యుపటమంతా కనిపించింది.

ఆర్కియా అంటే మరిగే నీళ్లలోనూ ఉప్పులోనూ ఉండే వింత జీవులన్న అభిప్రాయం అప్పటికే చెదిరింది. నిజమే, వేడిలో రికార్డు వాటిదే: 122 డిగ్రీల దగ్గర పెరిగే మీథనోపైరస్‌ను 2008లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. కానీ 1992లో ఫ్యూర్‌మన్, డీలాంగ్ విడివిడిగా మామూలు సముద్రపు నీటిలో ఆర్కియా ఆర్‌ఎన్‌ఏ జన్యువులను పట్టుకున్నారు. మహాసముద్రాల్లోని చిన్న కణాల్లో దాదాపు అయిదో వంతు ఇవేనని 2001లో తేలింది. 2005లో వీటిలో ఒకదాన్ని సియాటిల్‌లోని అక్వేరియం తొట్టి నుంచి పెంచగలిగారు. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చి బతుకుతుంది. పొలంలో, సముద్రంలో నత్రజని చక్రం నడిచే తీరునే తిరిగి రాయాల్సి వచ్చింది.

వోస్ 2012 డిసెంబరు 30న అర్బానాలో చనిపోయాడు. నోబెల్ రాలేదు, 2003లో స్వీడన్ వాళ్ల క్రాఫోర్డ్ బహుమతి వచ్చింది. ఆయన చనిపోయిన మూడేళ్లకు ఆయన మూడు కొమ్మల బొమ్మకే సవాలు వచ్చింది. నార్వేకు, గ్రీన్‌లాండ్‌కు నడుమ లోకీస్ కాసిల్ అనే వేడి బిలాల దాపున, సముద్రం అడుగు నుంచి తీసిన బురదలోని డీఎన్‌ఏను స్వీడన్‌లోని ఉప్సాలాలో థైస్ ఎట్టెమా బృందం చదివింది. అందులో ఒక ఆర్కియా జన్యువుల్లో మన కణపు అస్థిపంజరాన్ని, పొరల కదలికలను నడిపే ప్రొటీన్ల జన్యువులు కనిపించాయి. దానికి లోకీఆర్కియా అని పేరు పెట్టారు. దాని బంధువులన్నిటినీ కలిపి ఆస్గార్డ్ ఆర్కియా అంటున్నారు. చెట్టు మళ్లీ వేస్తే మన కొమ్మ ఆర్కియా పక్కన కాదు, ఆర్కియా లోపలే, ఆస్గార్డ్‌ల నుంచే మొలుస్తోంది. అలాగైతే జీవం మూడు కొమ్మలు కాదు, రెండే, మనం రెండో కొమ్మకు చిగురు. ఎక్కువమంది ఇప్పుడు ఈ వైపే మొగ్గుతున్నారు.

డీఎన్‌ఏ చదవడం వేరు, జీవిని చూడటం వేరు. జపాన్‌లో హిరోయుకి ఇమాచి బృందం 2006లో నాన్‌కై కందకం వైపు, 2533 మీటర్ల లోతు నుంచి తీసిన బురదను స్పంజి ముక్కలు నింపిన తొట్టిలో వేసి, మీథేన్ అందిస్తూ 2000 రోజులకు పైగా కాపాడింది. తర్వాత గొట్టాల్లోకి మార్చి, పన్నెండేళ్ల శ్రమ తర్వాత ఒక ఆస్గార్డ్ ఆర్కియాను పెంచింది. 2020లో వివరాలు అచ్చయ్యాయి. ఆ కణం రెండుగా చీలడానికి 14 నుంచి 25 రోజులు పడుతుంది. ఒంటరిగా ఉండదు, మీథేన్ చేసే ఇంకో ఆర్కియాతోనో, వేరే బాక్టీరియాతోనో కలిసే బతుకుతుంది. ఒంటి నుంచి పొడుగాటి, కొమ్మలు వేసిన చేతులు చాచుకుని ఉంటుంది. అలాంటి చేతులే ఒకనాడు ఒక బాక్టీరియాను చుట్టేసుకుని, అది మన మైటోకాండ్రియా అయిందని ఇమాచి బృందం ఊహ.

కొవ్వు చిక్కు మాత్రం అలాగే ఉంది. ఇమాచి పెంచిన జీవి పొర ఈథర్ బంధాలతో ఉన్న ఆర్కియా పొరే. మన కణాల పొర ఎస్టర్ బంధాలతో, బాక్టీరియా పద్ధతిలో ఉంది. మనం ఆర్కియా సంతతి అయితే వారసత్వంగా వచ్చిన కొవ్వును ఎప్పుడు, ఎందుకు వదిలేసి, లోపలికి వచ్చిన అతిథి కొవ్వును తొడుక్కున్నాం? గ్లిజరాల్ ఒక రూపం నుంచి అద్దపు రూపానికి మారే దారిలో కణం రెండు రకాల కొవ్వూ కలిసిన పొరతో బతికి ఉండాలి. ఈ. కోలైలో అలాంటి మిశ్రమ పొరను తయారు చేసి చూశారు, కణం బతికింది. అలా బతకడం సాధ్యమేనని దాంతో తేలింది, అదే జరిగిందని మాత్రం ఇంకా తేలలేదు.

ఆ అతిథి కథ లిన్ మార్గులిస్ అనే యువ శాస్త్రజ్ఞురాలు 1967లో అచ్చు వేయించిన ఒక వ్యాసంతో మొదలవుతుంది. వచ్చే సంచికలో అది.